టేపక్క నమ్మిన అంకె

మా మేడ మెట్ల కింది గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతికిన మనిషిని వీధంతా టేపక్క అనేది. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ముక్కుసూటి మనిషి. సన్నబడ్డానని మురిసిపోతూ వచ్చిన ఆడవాళ్ళ నడుము కొలిచి, "టేపుకి మొహమాటం ఉండదమ్మా, పోయినసారి కంటే పెరిగావు" అని మొహం మీదే అనేసేది. అలిగి వెళ్ళినవాళ్ళు కూడా బట్ట ఒంటికి అమరాక మళ్ళీ వచ్చేవాళ్ళు. నా నడుము సంగతి మాత్రం అడక్కండి.

ఆమెది కారునలుపు. చెల్లెలు పచ్చటి మనిషి. ఒక్క తల్లి పిల్లలంటే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. "మా అమ్మ నన్ను పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది, దీన్ని వేళకి దించేసింది" అని టేపక్కే ముందుగా నవ్వేసేది. భర్త పోయాక కూతురు, చెల్లెలు, ఆ మిషను, అంతే ఆమె సంసారం. కూతురు అచ్చం తల్లి పోలిక, రంగుతో సహా.

ఊపిరితిత్తులను పట్టే జ్వరం ఊరంతా తిరిగిన ఏడాది అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి మంచాన పడ్డారు. ఆసుపత్రికి వెళ్తే అక్కడ ఖాళీగా ఉన్నది ఒక్క పడకే. నర్సు ఇద్దరి వేళ్ళకూ క్లిప్పు తగిలించి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూసింది. అక్కది తొంభై ఐదు, చెల్లెలిది తొంభై ఒకటి. తక్కువ వచ్చినవాళ్ళకే పడక అంది. కానీ ఆయాసం అక్కకే ఎక్కువగా ఉంది.

"అక్కా, నువ్వు పడుకో. నీకు మాట కూడా రావట్లేదు."

"నోర్ముయ్యవే. బళ్ళో ఏనాడూ నీకంటే నాకు మార్కులు ఎక్కువ రాలేదు. ఇవాళ వచ్చాయి. కొలత కొలతే."

బతుకంతా కళ్ళకంటే కొలతను నమ్మిన మనిషి, చివరికి తన ఊపిరికంటే కూడా దాన్నే నమ్మింది. ఇంటికొచ్చాక, మళ్ళీ వెళ్దామని కూతురు పోరుపెడితే, అంకె బాగుంది కదే అని కసిరింది. మర్నాడు పొద్దున్న మిషను మీద తల వాల్చి ఉంది. నిద్రపోతోందనుకుని ఆ పిల్ల కాసేపు లేపలేదు.

చెల్లెలు బతికి ఇంటికొచ్చింది. ఇప్పుడా గదిలో ఆమే కుడుతోంది. అక్క స్టూలు మీద మాత్రం కూర్చోదు. మిషను ఆపినప్పుడల్లా ఎవరో ఎగశ్వాస తీస్తున్నట్టు వినిపిస్తుందని ఒకసారి నాతో అంది. అబద్ధమెందుకు, ఆ తర్వాత ఆ గదిలో మిషను ఆగితే నాకూ ఒళ్ళు జలదరించేది.

ఈ ఏడు ఆ జ్వరం కూతురికి తగిలింది. నేనూ వెంట వెళ్ళాను. అదే ఆసుపత్రి, అదే రకం క్లిప్పు. అంకె మళ్ళీ తొంభై ఐదే.

"భయం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు డాక్టరు.

చెల్లెలు గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది. "పంపకండి బాబూ! మా అక్కకీ ఇదే చూపించింది. ఇంటికి పంపేశారు, పోయింది."

డాక్టరు విసుక్కున్నాడు. కానీ పిల్ల డొక్కలు ఎగరడం చూసి ఆగాడు. మణికట్టు దగ్గర సూది గుచ్చి రక్తం తీయించి పరీక్షకు పంపాడు. అందులో ఎనభై ఆరే వచ్చింది. పిల్లను గబగబా పడక మీదికి చేర్చి ముక్కుకీ నోటికీ ప్రాణవాయువు మాస్కు పెట్టారు.

కాస్త కుదుటపడ్డాక డాక్టరు చెప్పాడు. "ఈ క్లిప్పు వేలిలోంచి వెలుగు పంపి లెక్కగడుతుందమ్మా. నల్లటి చర్మం మీద ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తయారుచేసినవాళ్ళు ఎక్కువగా తెల్లవాళ్ళ వేళ్ళ మీదే సరిచూసుకున్నారు."

"మీకీ సంగతి ముందే తెలుసా?" అన్నాను నేను.

"చదివాను. కానీ జనం తోసుకొస్తుంటే అంకె చూసి పంపేస్తాం."

నా ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు దులిపేద్దామని లేచాను కూడా. ఇంతలో పిల్ల మాస్కు కాస్త పక్కకు తీసింది.

"పిన్నీ, అయితే ఆ రోజు ఆ పడక అమ్మదేగా?"

చెల్లెలు ఆ పిల్ల కళ్ళలోకి చూసింది.

"అవునమ్మా" అంది. "దాని మీద నేను పడుకున్నాను."