భూతద్దమనుకుని కన్ను నొక్కిన రోజు

2008 జులై 8, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది. మధ్యాహ్నం రెండున్నరకు ముగిసింది. ఈ మధ్యలో నేను అరవై రెండు మంది హమాలీలను, ఒక బస్సును, శ్రీరాముడి పేరు పెట్టుకున్న పాపానికి తొమ్మిది మంది రైతులను నడిరోడ్డు మీద నిలబెట్టాను. చేతిలో ఉన్న ఆయుధం కీబోర్డు ఒక్కటే.

అప్పుడు నాకు యాభై నాలుగేళ్లు. ఖమ్మం పొలిమేరలో, కొత్తగూడెం పోయే రోడ్డు పక్కన, మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఆఫీసు పెత్తనం నాది. గుండుసూది ఇచ్చినా సాయంత్రం లెక్క అడుగుతానని హమాలీలు నా వెనక అనుకునేవారు. నా ముందే అంటే అవునని ఒప్పుకునేదాన్ని.

ఆ ఏడాది మా ఓనరు గారు హైదరాబాదు నుంచి సుధీర్ అనే ఇంజనీరును రప్పించి రెండు ప్రోగ్రాములు పెట్టించారు. ఒకటి వెతికేది. మా మూడు స్టోరేజీల రసీదులు, ఉత్తరాలు, ఒప్పందాలు అన్నీ దాని కడుపులో ఉంటాయి. పేరు కొడితే కాగితం తీసి చూపిస్తుంది. రెండోది కాపలా కాసేది. మిషన్లూ గేట్లూ నిమిష నిమిషానికీ కంప్యూటర్లో రాసుకునే లాగ్‌ను చదువుతూ కూర్చుంటుంది. దానికి ఒక మాట చెప్పిపెడితే చాలు, ఆ మాట లాగ్‌లో ఎప్పుడు కనబడినా ఓనరు గారి ఫోనుకు మెసేజీ కొట్టి, సైరన్ మోగిస్తుంది. అమ్మోనియా గ్యాసు లీకైతే జనాన్ని బయటికి తరమడానికి పెట్టిన సైరన్ అది. అప్పటికి దానికి చెప్పిన మాట 'లీక్' ఒక్కటే.

రెండింటి మొహమూ ఒకటే. తెల్లటి తెర, నడుమ పొడుగాటి గడి, పక్కన బటన్. తేడా అల్లా మూలనున్న బొమ్మలో. వెతికేదానికి భూతద్దం, కాపలాదానికి కన్ను. సుధీర్ రెండు రోజులు చెప్పాడు, రెండు రోజులూ తల ఊపాను. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడిని చూసి నవ్వుతాం. వాడు నయం, అడిగాడు. నేను అదీ అడగలేదు.

ఆ పొద్దున నేను ఈ తెర నుంచి ఆ తెరకు, ఆ తెర నుంచి ఈ తెరకు రెండు కాపురాల మొగుడిలా తిరుగుతుంటే, పర్ణశాల వైపు నుంచి ఒక రైతు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడం, నా విత్తనం బస్తా గావాలె. రసీదు పోయింది."

"ఎట్లా పోయింది?"

"ఎలుకలు తిన్నయి. ఇంట్ల ఉంచితే బస్తాను తింటయనే ఈడ దాస్తిని. అవి రసీదు తిన్నయి."

తండ్రి నాటి నుంచి కాపాడుకుంటున్న సొంత మిర్చి విత్తనమట. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్నది ఆ ఒక్క బస్తా.

"నారుమడి తయారుగుంది, మబ్బు పట్టింది. రేపు పొద్దుగాల గింజ పడాలె. రెండున్నర బస్సుకు పోకుంటే భద్రాచలంల మా ఊరి ఆఖరు బస్సు దొరకదు. జర జల్దీ చూడుండ్రి."

"నీ పేరు?"

"సీతారాములు."

మా వైపు పేర్ల సంగతి తెలియనివారికి ఇక్కడ ఒక మాట. భద్రాచలం గాలి సోకినంత మేరా ఇంటికొక రాముడో సీతో ఉండి తీరాలి. మా గేటు ముందు నిలబడి "రామయ్యా" అని కేకేస్తే సగం మంది పలుకుతారు, మిగతా సగం "మా అన్న లోపలున్నడు" అంటారు.

నేను తెర మీది గడిలో 'రాములు' అని కొట్టి బటన్ నొక్కాను. కాగితం రాలేదు. 'సేవ్ అయింది' అని మాత్రం వచ్చింది. బస్తా సేవ్ అయితే సంతోషమే, ఎక్కడుందో చెప్పదేం అని విసుక్కున్నాను. పేరు ఎంత పొట్టిగా కొడితే అన్ని కాగితాలు వస్తాయని సుధీర్ అన్నది గుర్తొచ్చి 'రామ' అని కొట్టాను. సేవ్ అయింది. చివరికి 'సీత' అని కొట్టాను. అదీ అయింది. వెతకబోయిన తీగ కాలికి తగలడం సామెత. నాకు మెడకు చుట్టుకుంది.

"నీ పేరు మీద బస్తానే లేదయ్యా" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపు సైరన్ మోగింది.

హమాలీలు ఎక్కడి బస్తా అక్కడ పడేసి, తడి తువ్వాళ్లు మూతికి కట్టుకుని రోడ్డు మీదికి ఉరికారు. నేను వారి వెనకే పోయి తలలు లెక్కపెట్టాను. అరవై రెండూ ఉన్నాయి. మెకానిక్కు లోపలికి పోయి, మూల మూలా వాసన చూసి వచ్చి, "గ్యాసు లేదు, గీసు లేదు" అన్నాడు. అందరూ లోపలికి పోయి బస్తాలు ఎత్తుకున్నారో లేదో మళ్లీ మోగింది. మళ్లీ రోడ్డు, మళ్లీ లెక్క. పైన తుంపర మొదలైంది.

హమాలీల మేస్త్రి వెంకన్న నా దగ్గరికి వచ్చాడు. "మేడం, మమ్ముల ఉరికిచ్చుడే పనైతే చెప్పుండ్రి. బస్తాలు రేపు మోస్తం."

అంతలో ఓనరు గారి ఫోను. ఆయనది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, మాట మెత్తన. "సీతారావమ్మ గారూ, నా ఫోనుకు 'హెచ్చరిక: రామయ్య' అని వచ్చిందండీ. ఎవరండీ ఈ రామయ్య?"

"రైతండీ. బస్తాలు విడిపించుకుని ఇప్పుడే గేటు దాటుతున్నాడు."

"ఆపండి. అంత డబ్బు పోసి కొన్న మిషను, ఊరికే చెప్పదు కదా."

ఆపాం. తర్వాత సీతయ్యను ఆపాం, రామనాథాన్ని ఆపాం, జయరాములును ఆపాం. హెచ్చరిక వచ్చిన ప్రతి మనిషినీ, గేటు దగ్గర వచ్చే పోయే వారి పేర్లు కంప్యూటర్లో కొట్టే యాకూబ్ బెంచీ మీద కూర్చోబెట్టాడు. కొత్తగా వచ్చినవాడు పక్కవాడిని అడుగుతున్నాడు.

"ఏం జేసినవన్నా?"

"నా పేరు జెప్పిన."

"గంతేనా?"

"గంతే. నువ్వు జెప్పకు."

సీతమ్మ అనే ముసలామె మాత్రం నా వైపు తిరిగి, "సీతమ్మతల్లి గూడ అడవికి పంపినప్పుడు గిట్లనే అన్నెం పున్నెం ఎరగదు బిడ్డా" అంది. ఆమెకు టీ తెప్పించాను. ఒకరికి తెప్పిస్తే మిగతా ఎనిమిది మందీ ఊరుకుంటారా?

సైరన్ ఆగినప్పుడల్లా సీతారాములు ఒక్క మాటే అంటున్నాడు. "మేడం, బస్సు."

తొమ్మిదో సైరన్ తర్వాత గేటు మూయించి సుధీర్‌కు ఫోను చేశాను. దొరికేసరికి ఒంటిగంటా యాభై.

"మేడం, మీ ముందున్న తెర మూలన ఏం బొమ్మ ఉంది?"

"కన్ను."

"భూతద్దం ఉండాలి కదండీ."

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. కన్నే.

"ఎన్ని మాటలు పెట్టారు?"

"రెండు."

"గట్టిగా గుర్తుందా?"

"లెక్కల సంగతి నాకు చెప్పకు నాయనా" అన్నాను. 'రాములు' తీసేశాను, 'రామ' తీసేశాను. బెంచీ మీది వారికి దండం పెట్టి, వాన తగ్గాక గేటు తీస్తామని చెప్పించి, భూతద్దం తెరిచాను. 'సీతారాములు' అని కొట్టగానే వెయ్యికి పైగా రసీదులు పడ్డాయి. ఊరు కలిపితే పదిహేడు మిగిలారు.

"నీ తండ్రి పేరు?"

"రామచంద్రయ్య."

ఆ పదిహేడు మందిలో ఆరుగురి తండ్రులు రామచంద్రయ్యలే. నాకు ఏడుపొచ్చింది.

"అసలు బస్తా నీ పేరు మీదే పెట్టినవా?"

"లేదు. మా ఇంటామె పేరు మీదుంది."

"మరి పొద్దుననగా చెప్పొద్దా?"

"నీ పేరేందన్నరు, చెప్పిన. ఆమె పేరు అడిగితే ఆమెది చెప్పకపోదునా?"

"ఏం పేరు?"

"ఇందిర."

కొట్టాను. ఆ ఊరి ఇందిర ఒక్కతే. రసీదు ఒక్కటే. మూడో గది, కింది వరుస. రెప్పపాటులో వచ్చింది.

రెండూ ఇరవైకి గేటు తీయించి, మొదటి బస్తాగా ఇందిర బస్తాను పంపాను. ఇద్దరు హమాలీలు మోసుకొచ్చారు. రసీదు లేదు కనుక ఎవరి మాట మీద వదులుతున్నామో యాకూబ్ కంప్యూటర్లో రాయాలి. "ఇందిర, ఒక బస్తా, అనుమతి సీతారావమ్మ" అని చదువుతూ కొట్టాడు.

సైరన్ మోగింది.

హమాలీలు బస్తాను నేల మీద పెట్టి ఉరికారు. బెంచీ ఉరికింది. యాకూబ్ ఉరికాడు. సీతారాములు మాత్రం వంగి బస్తాను భుజానికెత్తుకున్నాడు.

"బయటికి పద, గ్యాసు" అని అరిచాడు వెంకన్న.

"పొద్దుగాల సంది రాని గ్యాసు ఇప్పుడొస్తదా? వస్తే రానియ్యి, నేను బస్సెక్కినంక."

భద్రాచలం బస్సు సరిగ్గా అప్పుడే వచ్చింది. మామూలుగా మా గేటు ముందు అది ఆగదు. ఆరోజు అరవై రెండు మంది హమాలీలూ తొమ్మిది మంది రాముళ్లూ దారికడ్డంగా నిలబడి ఉంటే ఆగక ఏం చేస్తుంది? సీతారాములు బస్తాతో సహా ఎక్కి, కిటికీలోంచి నాకు దండం పెట్టాడు. వెటకారమో కాదో ఇప్పటికీ తేలలేదు.

ఫోను మోగింది.

"సీతారావమ్మ గారూ, ఈసారి 'హెచ్చరిక: సీతారావమ్మ' అని వచ్చిందండీ."

నేను వేళ్లు మడిచాను: రాములు, రామ, సీత. మూడు.

"పొద్దుట్నుంచీ ఇదొక్కటే నిజం చెప్పిందండీ" అని పెట్టేశారు.

ఆ సాయంత్రం 'సీత'ను నా చేతులతోనే తీసేసి, భద్రాద్రి దిక్కుకు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. కన్నును భూతద్దమనుకోను. కాపలావాడి చెవిన దేవుడి పేరు వేయను. ఏ మగవాడి పేరైనా అడిగే ముందు వాళ్లావిడ పేరు అడుగుతాను.

ఆరోజు పోయినవి: సగం రోజు పని. తుంపరకు తడిసిన బస్తాలు పదకొండు. ఉరుకులాటలో చెప్పులు ఏడు, అందులో జతలు రెండే. రామయ్యలకూ సీతమ్మకూ తాగించిన టీలు తొమ్మిది. లెక్కల మనిషిగా నా పేరు, పూర్తిగా.

పోనిది ఒక్కటే: సీతారాములు బస్సు.