దీవులకు పోయే బస్తాలు

బంగారుపేట ధాన్యం గోదాములో బస్తాల మూతులు కుట్టే మునెమ్మకు ప్రతి లారీ ఎక్కడికి పోతుందో తెలియాలి. దబ్బనాన్ని కొప్పులో గుచ్చుకుని, పురికొసను కాలి బొటనవేలికి చుట్టుకుంటూ గుమాస్తా శశికుమార్‌ను అడుగుతుంది. ఆ రోజు అతను సముద్రం మధ్యనున్న దీవులకన్నాడు. మద్రాసు రేవు దాకా లారీ, ఆపైన ఓడ.

"అంత దూరం ఓడ బాడిగ ఎవరిస్తారప్పా?"

"సర్కారే ఇస్తాదమ్మా. ఆ దీవుల్లో ఉండేటోళ్ళకీ మన రేటుకే బియ్యం దొరకల్లని."

మునెమ్మ లేచి, వానజల్లు పడిన లారీ ఎక్కి, బస్తాలను చేత్తో తడిమి చూసింది. అంచునున్న ఒకటి చెమ్మగా తగిలింది.

"దీన్ని దించండి. పక్కనుండేటివీ ముక్కిపోతాయి."

"ఒక్కదానికోసరం లేటైపోతాదమ్మా," అన్నాడు శశికుమార్.

"ఈడైతే బియ్యం చెడినా ఇంగో అంగడికి పోతాము. ఆడ ఇంగో ఓడ ఎప్పుడొస్తాదో."

అతను సైగ చేశాడు. హమాలీలు బస్తా మార్చారు. కొత్తదాని మూతికి ఆమె ఇంకో వరస కుట్టు వేసింది. లారీ గేటు దాటాక మళ్ళీ అతని వైపు తిరిగింది.

"చుట్టూ ఉప్పునీళ్ళే గదా, ఆ బియ్యం దేంతో వండుకుంటారప్పా?"

చూసి చెప్తానంటూ శశికుమార్ ఫోను తీశాడు. మునెమ్మ పని ఆపి, అతని పక్కకు జరిగి కూర్చుంది.