రమణమ్మ ఎక్కాలనుకున్న విమానం

హాల్లో ఎగిరే చిన్న విమానాల పోటీకి మొదటిసారి వెళ్ళేవాళ్ళు అక్కడ ఎలా ఉంటుందని నన్ను అడుగుతుంటారు. నేను మొదటిసారి వెళ్ళింది కువైట్‌లో, ఇరాక్ సైన్యం వచ్చి కూర్చున్న వేసవిలో. పని ఆగిపోయి ఇంట్లో ఉన్న మా ఆయన, ఆయన తోటివాళ్ళు సన్నటి పుల్లలు, పల్చటి కాగితం, రబ్బరు పట్టీలతో విమానాలు చేశారు. బయట ఎగరేస్తే తుపాకులు మావైపు తిరుగుతాయి. అందుకని సబ్హాన్‌లో ఖాళీగా ఉన్న ఒక గోదాములో పోటీ పెట్టుకున్నారు.

శుక్రవారం ఉదయం ఏడున్నరకు ఖైతాన్‌లో కారెక్కాం, మనిషికి అర దినార్. మా కింది అంతస్తులో తలదాచుకున్న రమణమ్మ తనూ వస్తానంది. కడప వైపు మనిషి. రుమైథియాలో ఆమె పనిచేసిన ఇంటివాళ్ళు దేశం దాటిపోయారు. ఆమె చంకలో పెద్ద మూట. ఆ రోజుల్లో గడప దాటితే ఉన్నదంతా వెంట తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది, అందుకే నేను అడగలేదు. జగిత్యాల డ్రైవరు మాత్రం ఊరుకోలేదు. "గంత మూటెందుకక్కా, ఆడ కాపురం పెడతవా? యల్లా, ఎక్కు!" దారిలో రెండుచోట్ల సైనికులు ఆపడంతో పావుగంట దారికి ముప్పావుగంట పట్టింది.

గోదాములో తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపేశారు. కాస్త గాలి తగిలినా ఆ విమానాలు పల్టీ కొడతాయి. రమణమ్మ నాలుగు మూలలూ చూసి, "ఇమానం యాడుందక్కా?" అంది. మా ఆయన అరచేతిలోది చూపించాడు.

"శుక్రవారం సబ్హాన్‌లో ఇమానాలు ఎగురుతాయని మెట్లకాడ నువ్వే గదన్నా చెప్పింది! ఊరికి పొయ్యేటివి అనుకుంటి." మూట మీద కూలబడి ఏడ్చేసింది. నవ్వబోయిన నోళ్ళన్నీ మూతపడ్డాయి.

గడియారం పట్టుకుని, ఏది ఎంతసేపు ఎగిరిందో రాసే పెద్దాయన లేచి వచ్చాడు. ఊరికి వెళ్ళేవాళ్ళ బస్సు జాబితా రాసేదీ ఆయనే. "జోర్డాన్‌లో అమ్మాన్ దాకా బస్సు, అక్కణ్ణుంచి విమానం. పేరు రాయించావా?"

"పాస్‌పోర్టు మామా కాడ, మా ఇంటి దొరసాని కాడుండాది సార్. అది లేకుంటే ఖలాస్ అన్నారే?"

"ఎవరా అన్నది? దానికి బదులు మన ఎంబసీవాళ్ళు కాగితం ఇస్తున్నారు. సోమవారం బస్సులో ఒక సీటుంది." టైములు రాసే కాగితం వెనకే ఆమె పేరు రాసుకున్నాడు. రమణమ్మ లేచి, మూట పక్కన నిలబడింది.

అప్పుడు మా ఆయన విమానం వదిలాడు. అందరం ఊపిరి బిగబట్టాం. అది దూలం దాకా లేచి, చుట్లు తిరిగి, నాలుగు నిమిషాలకు మెల్లగా వచ్చి సరిగ్గా ఆ మూట మీదే వాలింది. "నన్నెక్కించుకోమంటే ఇదే నా మూటెక్కె!" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. ఈసారి అందరం నవ్వాం.

బయట ఏం జరుగుతోందో ఆ నాలుగు నిమిషాలు ఎవరికీ గుర్తులేదు. తర్వాత ఎన్ని పోటీలు చూసినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ నిశ్శబ్దమే. మీరు వెళ్తే ఒక్కటి మరవకండి: చీర కొంగు నడుముకు దోపుకోండి, దాని విసురుకు కూడా విమానం పడిపోతుంది. గాలి సంగతి రమణమ్మ బాగానే గుర్తుపెట్టుకుంది. ఊరు చేరాక రాయించిన ఉత్తరంలో ఇలా ఉంది: "పెద్ద ఇమానంలో నెత్తిమీదే గాలి వదిల్నారక్కా. యాడ పడిపోతాదోనని దిగేదాకా ఊపిరి బిగబట్టుకోనుంటి."