కొంగను పిలిచిన ముత్యాలయ్య

అల్లూరు దగ్గర ఆనందబాబుకు రొయ్యల గుంటలున్నాయి. వాటి మీద ముత్యాలయ్యది పక్షుల్ని తోలే పని. తెల్లారేసరికి గట్టు మీద ఉంటాడు. కొంగ వాలినా, నీటికాకి మునిగినా రేకు డబ్బా మోగిస్తూ "హోఓఓయ్" అని ఒక్క కేక వేస్తాడు. వయసులో ఉన్నప్పుడు సముద్రం మీద వేటకు పోయి, పడవ నుంచి పడవకు వినబడేలా అరిచి అరిచి సాధించిన గొంతు అది. ఆ కేకకు కొంగలతో పాటు పక్క గుంట మీద కునుకు తీసే కాపలావాళ్ళు కూడా లేస్తారు. ఇంట్లో ఆయన మంచినీళ్ళు అడిగితే వీధి చివరివాళ్ళు చెంబు తెచ్చిస్తారని భార్య అంకాలమ్మ అంటుంది.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. ఆనందబాబు సంతోషం పట్టలేక, పనివాళ్ళందరినీ ఇంటివాళ్ళతో సహా వ్యానులో ఎక్కించి, హైవే పక్కన కొత్తగా తెరిచిన పక్షుల పార్కుకు తీసుకెళ్తానన్నాడు.

"పక్షుల్ని చూసేదానికి టిక్కెట్టా అయ్యా?" అన్నాడు ముత్యాలయ్య. "మన గట్టు మీదికి రమ్మనండి, ఊరకనే చూపిస్తా. వాటిని తీసకపోతామంటే ఇంకా సంతోషం."

"అవి వేరే దేశాల పక్షులు ముత్యాలయ్యా. రంగురంగులుగా ఉంటాయి."

"రంగులుంటే రొయ్య తినవా?"

ఆనందబాబు నవ్వేసి వ్యాను మాట్లాడటానికి పోయాడు. అంకాలమ్మ కొత్త చీర కట్టుకుని, వ్యాను ఎక్కే ముందు మొగుడి చేతిలోని డబ్బా లాక్కుని ఇంట్లో పడేసి వచ్చింది.

పార్కులో ఒక పెద్ద తోటకు తోటంతా వల కప్పి లోపల పక్షుల్ని వదిలారు. తిప్పి చూపించే అమ్మాయి పేరు షారన్. ఆమె అందరి అరచేతుల్లో గింజలు పోసి, కదలకుండా నిలబడమంది. ఎర్రటి పెద్ద చిలుక ఒకటి వచ్చి ఆనందబాబు భుజం మీద కూర్చుంది. ఆయన ఊపిరి బిగబట్టి, ఫొటో తీయమని కళ్ళతోనే సైగ చేశాడు. ముత్యాలయ్య చేతి మీద కూడా పచ్చటి పిట్టలు రెండు వాలాయి. ఇన్నేళ్ళలో ఏ పక్షీ తనంతట తాను ఆయన దగ్గరికి రాలేదు.

"నేనెవురో వీటికి తెలిసినట్టు లేదు మే," అన్నాడు భార్యతో, నవ్వు ఆపుకుంటూ.

అంతవరకూ బాగానే ఉంది. అంతలో ఆయన చూపు చెట్ల వెనక చిన్న కొలను మీద పడింది. ఒడ్డున ఒక తెల్లకొంగ, మెడ చాచి, నీళ్ళలోకి గురి చూస్తోంది. ముత్యాలయ్య కుడిచెయ్యి డబ్బా కోసం గాలిలో వెతికింది. డబ్బా లేదు. గొంతు ఉంది.

"హోఓఓయ్."

తోటలోని పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. నెమళ్ళు అరిచాయి. ఒక బాతు అంకాలమ్మ కాళ్ళ సందున దూరి పరిగెత్తింది. ఆనందబాబు భుజం మీది చిలుక ఆయన టోపీ ముక్కున కరుచుకుని పోయి, పై వలకు తలకిందులుగా వేలాడింది. కొలను ఒడ్డున తెల్లకొంగ మాత్రం కదల్లేదు. అది సిమెంటు కొంగ.

"ఇక్కడ అరవకూడదు తాతా. బోర్డు కూడా పెట్టున్నాం," అంది షారన్.

"నేను అరవలేదమ్మా. అదే వచ్చేసింది."

షారన్ అంకాలమ్మ వైపు తిరిగింది. "మీవాళ్ళేనా అమ్మా?"

"వ్యానులో చూసినట్టుండాదే," అంది అంకాలమ్మ, చీర మీది ఈకలు దులుపుకుంటూ.

చిలుక టోపీ వదిలేదాకా ముత్యాలయ్యను పక్కనున్న కళాగ్రామంలో కూర్చోబెట్టమని ఆనందబాబు బతిమాలాడు. అంకాలమ్మే తీసుకెళ్ళింది. అక్కడ వెంకటగిరి చీరల మగ్గం ముందు ఆమె చాలాసేపు నిలబడిపోయింది. ముత్యాలయ్య తల వంచుకుని, డోలు వినబడుతున్న పాకలోకి పోయి కూర్చున్నాడు. కాసేపటికి ఆమె కూడా వచ్చి పక్కన చేరింది.

లోపల తోలుబొమ్మలాట నడుస్తోంది. తెల్లటి తెర వెనక రమణయ్య అనే ఆటగాడు బొమ్మల్ని ఆడిస్తున్నాడు. తెర మీద ఒక కొంగ పిల్లల కోసం చేప పట్టుకుంది. పొద చాటున వేటగాడు వల విప్పి, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు. ముత్యాలయ్య కుదురుగా కూర్చోలేకపోయాడు. కొంగలంటే ఆయనకు పడదు, నిజమే. కానీ ఆయన ఏ పక్షినైనా ఎదురుగా నిలబడి, చెప్పి తోలినవాడు. ఇట్లా వెనకనుంచి రావడం ఏం పద్ధతి?

"హోఓఓయ్."

రమణయ్య చెయ్యి అదిరింది. కొంగ ఎగిరి తెర దాటి మాయమైంది. డోలు ఆగిపోయింది. వేటగాడు ఒక్కడే వల పట్టుకుని మిగిలాడు. తెర పక్కనుంచి రమణయ్య తల బయటికి పెట్టాడు.

"ఎవురన్నా అది?"

జనమంతా వేలు చూపించారు. అందరికంటే ముందు అంకాలమ్మ చూపించింది.

"నా కొంగను తోలేసినావు. అది వలలో పడితేనే గదన్నా కథ? ఇంక నువ్వే పిలువు. వస్తే ఆడతా, లేకుంటే అందరం ఇండ్లకు పోదాం."

ముత్యాలయ్య లేచి నిలబడ్డాడు. తోలడానికి ఆయనకు ఒక్క కేక చాలు. రమ్మనడానికి ఏమనాలో తెలియలేదు. చివరికి "బా బా బా" అన్నాడు. తెర అంచున ఒక ముక్కు కనబడింది.

"అది కోళ్ళను పిలిచేది," అంది కొంగ, రమణయ్య సన్న గొంతుతో. "అసలు నీ పనేంది?"

ముత్యాలయ్యకు అబద్ధం రాదు. "రొయ్యల గుంట మీద... మిమ్మల్ని తోలే పని."

పాకంతా నవ్వింది. ముక్కు వెనక్కి పోయింది.

"రా తల్లీ," అన్నాడాయన, చేతులు రెండూ చాచి. "ఈ పొద్దు నాకు సెలవు."

కొంగ వచ్చింది. తెర ఈ చివరినుంచి ఆ చివరిదాకా గంతులేసింది. రమణయ్య కథ మార్చేసి వేటగాణ్ణే వలలో పడేశాడు. అప్పటికే అంచు చినిగిన టోపీతో వచ్చి కూర్చున్న ఆనందబాబు, ఆయన మా మనిషేనని పక్కవాళ్ళకు చెప్పుకున్నాడు.

ఆట అయిపోయి జనం వెళ్ళాక ముత్యాలయ్య తెర వెనక్కి పోయి కొంగను చూపించమన్నాడు. దీపం ముందు పట్టుకుంటే వేళ్ళు కనబడేంత పలచటి తోలు. రమణయ్య బొమ్మను ఆడించే పుల్లలు ఆయన చేతికిచ్చాడు. ఖాళీ పాకలో ఒక్కతే కూర్చున్న అంకాలమ్మకు తెర మీద కొంగ వంకరటింకరగా లేస్తూ కనబడింది. బయట వ్యాను హారన్ మోగుతోంది.

"పొయ్యేదానికి ఇంకా టైముండాదిలే," అంది ఆమె. "ఇంకొంచెం పైకి ఎగరెయ్యి."