కాటా మామ, రెండొందల యాభై ఆరు

అర్థం కాని విషయాన్ని అర్థం కాలేదని చెప్పడం పెద్ద అవమానమని గట్టిగా నమ్మిన వయసొకటి ఉంటుంది. నాకు ఆ వయసులోనే ఉద్యోగం వచ్చింది. హిందూపురానికి ఇంటింటి ఇంటర్నెట్ కొత్తగా దిగుతున్న కాలమది. ఒక చిన్న ప్రైవేటు కంపెనీ (పేరెందుకులెండి, ఇప్పుడు లేదు) నన్ను మూడు నెలల షరతు మీద తీసుకుంది. పది ఇళ్లకు కనెక్షన్ ఇప్పిస్తే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. నా చేతికిచ్చిన కరపత్రం మీద పెద్దక్షరాలతో ‘256’ అని ఉండేది. అది రెండొందల యాభై ఆరు ఏమిటో నాకు తెలియదు. మేనేజరుకు తెలుసేమో అనుకున్నాను. ఆయన నాకు తెలుసేమో అనుకున్నాడు.

మొదటి కనెక్షన్ మా మేనమామ తీసుకున్నాడు. ఆయన చింతపండు మండీలో ముప్పై ఏళ్లుగా తూకం వేసేవాడు. ఊళ్లో అందరికీ కాటా మామ. ఆయన వేసిన తూకాన్ని అమ్మేవాడుగానీ కొనేవాడుగానీ ఎన్నడూ మళ్లీ వేయించలేదు. పౌరాణిక నాటక పద్యాలంటే ఆయనకు ప్రాణం, అవి ఇంట్లోనే దించుకోవచ్చని నేను చెప్పిన మాటకు పడిపోయాడు. కాటా మామే తీసుకున్నాడంటే మంచిదే అయ్యుంటుందని ఆ వీధిలో ఇంకో తొమ్మిది ఇళ్లవాళ్లు తీసుకున్నారు. నేను గాల్లో తేలుతున్నాను.

వారం తిరక్కుండానే మామ ఆఫీసుకు వచ్చాడు. చేతిలో చీటీ. పద్యం దిగేటప్పుడు కంప్యూటరులో కనిపించే చిన్న గడిలోని అంకెల్ని పూటపూటకూ రాసుకొచ్చాడు. పొద్దున ఇరవై ఎనిమిది, మధ్యాహ్నం ఇరవై ఏడు, సాయంత్రం తొమ్మిది.

“పాపా, రెండునూర్ల యాభై ఆరు అని చెప్పి ఇరవై ఎనిమిది ఇస్తాండారే, మిగతాది యాడికి పోయింది?”

నాకు తెలిస్తే కదా! బయట రోడ్డు సెగలు కక్కుతోంది. “ఎండకు మామా. వైరు వేడెక్కితే స్పీడు తగ్గుతుంది,” అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, పక్కనున్న మేనేజరు కూడా తలాడించాడు.

రెండు రోజుల తర్వాత వాళ్లింటికి వెళ్తే, గోడ పొడుగునా వైరుకు గోనె సంచులు చుట్టి ఉన్నాయి. అత్త చెంబుతో వాటి మీద నీళ్లు చిలకరిస్తోంది.

“తాగేదానికే నీళ్లు వారానికొక తూరి వస్తాండాయి. దీనికి పొద్దున్నొక తూరి, సందకాడొక తూరి పోయల్లంట! ఏం సదువు సదివినావే తల్లీ?”

అంకె మాత్రం ఇరవై ఎనిమిది దగ్గరే ఉంది. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. “దూరం ఎక్కువైంది మామా, కంప్యూటరు వైరొచ్చే స్తంభానికి దగ్గరుండాలి,” అన్నాను. మామ దాన్ని వీధి వసారాలోకి మార్చాడు. దాంతో వచ్చేపోయేవాళ్లంతా ఆగి ఆ గడిలోకి తొంగిచూడటం, చూసి తమ ఇళ్లలోని అంకెలు చెప్పడం మొదలైంది. “ఏమప్పా కాటా మామా, నీ మాట మీద తీసుకుంటిమి గదా,” అని ఎవరో అననే అన్నారు. ముప్పై ఏళ్లలో ఆయన వినని మాట అది. ఆ పూట మామ అన్నం సరిగ్గా తినలేదని అత్త చెప్పింది. మర్నాడే బెంగళూరులోని పెద్దాఫీసుకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. ఆ ఉత్తరం వెళితే నా ఉద్యోగం పోయినట్టేనని మేనేజరు నాతో చెప్పి, భయపడి, ఒక ఇంజనీరును పిలిపించాడు.

ఇంజనీరు వసారాలో కూర్చుని, వీధంతా వింటుండగా చెప్పాడు. కరపత్రంలోది బిట్ల లెక్కట, గడిలో కనిపించేది బైట్ల లెక్కట. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే రెండొందల యాభై ఆరుకు రావాల్సింది ముప్పై రెండే. అందులోనూ కొంత దారి ఖర్చులకే పోతుందట.

“తూకంలో సంచి బరువు తీసేసే గోనె తరుగు మాదిరి,” అన్నాడు మామ.

“అంతే సార్. ఇక సాయంత్రం అందరూ ఒకేసారి వాడతారు కదా, పది ఇళ్లకూ లైను ఒకటే. అందుకే తొమ్మిది.” కరపత్రం అడుగున చీమంత అక్షరాలతో ఉన్న ‘వరకు’ అన్న మాటను వేలితో చూపించాడు.

మామ కళ్లద్దాలు సవరించుకుని ఆ మాటను పైకి చదివాడు. “శేర్లలో బేరం చేసి మణుగుల్లో తూకేస్తే మా మండీలో ఊరికే ఇడుస్తారా? అమ్మేటప్పుడు ఒక లెక్క, ఇచ్చేటప్పుడు ఒక లెక్క ఎందుకప్పా?”

ఇంజనీరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నా వైపు చూశాడు. నాకు చూడటానికి ఎవరూ మిగల్లేదు.

“నీకు తెలుసునా పాపా ఇదంతా?”

“తెలీదు మామా.” ఆ మాట అనడానికి నాకు నెల పట్టింది.

“మరి ఎండ అంటివే?”

అత్త చెంబును ఠప్పున కింద పెట్టింది. వీధి వీధంతా నవ్వింది. మామ నవ్వలేదు. లోపలికెళ్లి ఉత్తరం తెచ్చి, ‘తెలిసి మోసం చేసినారు’ అన్న వాక్యం కొట్టేసి, ఇంకోటి రాసి, గట్టిగా చదవమని నా చేతికిచ్చాడు. ‘మా పాప అబద్ధమాడే మనిషి కాదు. ఆమెకు ఏమీ తెలియదు.’ పది ఇళ్లవాళ్ల ముందు అది నేనే చదివాను.

ఉత్తరం బెంగళూరు వెళ్లింది. నెల తర్వాత ఆ వీధికి ఇంకో లైను వేశారు, సాయంత్రాల తొమ్మిది పద్దెనిమిదైంది. నా ఉద్యోగం ఖాయమైంది. అలాంటి ఉత్తరం వెళ్లాక కూడా ఎందుకైందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అప్పుడు మాత్రం నెల రోజులు మామతో మాట్లాడలేదు. దానికంటే మోసగత్తె అని రాసినా బాగుండేదే అని ఏడ్చాను కూడా. నన్ను కాపాడటానికి ఆయనకు దొరికిన నిజం అదొక్కటేనని అర్థమయ్యేసరికి నా తల నెరవడం మొదలైంది. ఆ కాగితం పట్టుకుని, చెవుల దాకా ఎర్రబడి, ‘ఏమీ తెలియదు’ అన్న చోట గొంతు తగ్గించి చదివిన ఆ పిల్ల గుర్తొస్తే, పక్కన కూర్చుని కాసేపు చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది. నవ్వు మాత్రం ఆగదు.