చేతికర్ర లేకుండా కోర్టుకు

పంజాగుట్ట చౌరస్తాలో కారు గుద్ది మా అమ్మ తుంటి విరిగింది. నష్టపరిహారం కేసులో సాక్ష్యం చెప్పాల్సిన రోజున, పెద్దవాళ్ళ ముందుకు కుంటుతూ వెళ్ళడమేంటని చేతికర్ర ఇంట్లోనే వదిలేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని బయల్దేరింది. కోర్టులో పళ్ళ బిగువున నిటారుగా నడిచింది. నొప్పి ఎలా ఉందమ్మా అని జడ్జిగారు అడిగితే, "మీ దయవల్ల ఫర్వాలేదండీ" అంది.

బయటికొచ్చాక మా వకీలు తల పట్టుకున్నాడు. "గట్లంటరా అమ్మా? మస్తు నొస్తున్నదని చెప్పాలె గదా!"

ఆటోలో అమీర్‌పేట వచ్చేదాకా నేనూ ఆవిణ్ణి దులిపేశాను. "నొప్పే లేదన్నాక పరిహారం ఎవరిస్తారు? అక్కడ కూడా నీకు మర్యాదలే!"

మా బిల్డింగుకి లిఫ్టు లేదు. ఆ కోపంలోనే నేను ముందుగా మెట్లెక్కి తలుపు తీశాను. నేను లోపలికి వెళ్ళిపోయాననుకుందేమో, అమ్మ మెట్ల మధ్యలో ఆగి గోడ పట్టుకుని, "అమ్మా... అమ్మా..." అని మూలిగింది.

ఆ మూలుగు జడ్జిగారి చెవిన పడలేదనే కదా, దారంతా ఆవిణ్ణి తిట్టాను. ప్రమాదం జరిగిన నాటినుంచీ ఒకే ఇంట్లో ఉంటూ, నేను వినడమూ అదే మొదటిసారి.