గుమ్మడికాయ ముందే కొట్టేశారు

ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతున్నాను. తెర మీద హీరోయిన్ చెల్లెలు ఏడుస్తోంది, ఆమెకు గొంతు నాది. కాగితం మీద ‘గొడుగు’ అని ఉంది. వస్తువు తెలుసు, మాట మాత్రం నోటికి రావడం లేదు. అద్దం వెనక నుంచి సౌండ్ రికార్డిస్టు యాదగిరి, “ఏందక్కా, ఇయ్యాల గిట్ల జేస్తున్నవ్? జర నీళ్లు తాగి రా” అన్నాడు. తాగి వచ్చాను. అయినా రాలేదు. ఆ డైలాగు వేరే అమ్మాయి చెప్పింది.

మేం యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు, భీమవరం వైపు మనిషి. తలనొప్పికి మాత్ర మింగడమే తప్ప డాక్టరు దాకా వెళ్లే అలవాటు మాకు లేదు. తర్వాతి వారం నేను వంటింట్లో ఫిట్స్ వచ్చి పడ్డాక వెళ్లక తప్పలేదు.

సీటీ స్కాన్‌లో ఎడమ కణత లోపల, మెదడు పొరను అంటుకుని గడ్డ కనిపించింది. “మెనింజియోమాలా ఉందమ్మా, మెదడు పొరలో పుట్టే గడ్డ. తీసేస్తే సరిపోతుంది” అన్నారు సర్జన్. నేను అడిగింది ఒకటే, మాట ఉంటుందా అని. “చాలావరకు ఉంటుంది” అన్నారు. చాలావరకు ఉన్న మాటతో డబ్బింగ్ చెప్పలేం. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఆపరేషన్‌లో రక్తం బాగా పోయిందట. మెలకువ వచ్చేసరికి చాలా మాటలు పోయాయి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. బయాప్సీ రిపోర్టు మెనింజియోమా అనే వచ్చింది, క్యాన్సర్ కాదన్నారు.

సినిమా వాళ్లకు షూటింగంతా పూర్తయిన రోజు బూడిద గుమ్మడికాయ కొట్టడం ఆనవాయితీ. ఒక్క షాటు మిగిలినా కొట్టరు. నన్ను ఇంటికి తెచ్చిన రోజు మా ఆయన గేటు ముందు దిష్టి తీసి కాయ కొట్టేశారు. “ఇక ప్యాకప్పే” అన్నారు. నాకూ హాయిగా అనిపించింది.

కుట్లు విప్పిన రోజు సర్జన్ ఇంకో మాట అన్నారు. “ఇంతగా రక్తం కారే మెనింజియోమాను నేను పెద్దగా చూడలేదు. స్లైడ్లు మరొకరికి చూపిద్దాం. బ్లాక్ కూడా పంపుదాం.” స్లైడ్లంటే గడ్డను పల్చగా కోసి గాజు పలకల మీద పరిచిన పొరలు, బ్లాక్ అంటే మైనంలో దాచిన గడ్డ ముక్క.

వాటిని చూసిన రెండో పాథాలజిస్టు వయసు మళ్లిన ఆవిడ. ఓపిగ్గా చెప్పారు. “సన్నటి రక్తనాళాలను బయటినుంచి పట్టుకుని ఉండే కణాలుంటాయమ్మా, పెరిసైట్లంటాం. ఈ గడ్డ వాటి నుంచి వచ్చిందని మా అంచనా. మామూలు రంగు వేస్తే మెనింజియోమాలాగే కనిపించొచ్చు, అందుకే మార్కర్లు, అంటే కణాల్లోని ఒక్కో ప్రొటీనుకే పట్టే ప్రత్యేకమైన రంగులు వేసి చూశాం. మెనింజియోమాలో సాధారణంగా కనిపించే ఈఎంఏ అనే మార్కరు ఇందులో పట్టలేదు. వైమెంటిన్ పట్టింది.” పేరు హీమాంజియోపెరిసైటోమా అన్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు, రేడియేషన్ తీసుకోవాలి, ఏటా స్కాన్ తీయించుకోవాలి.

“ఎన్నేళ్లండీ?” అన్నాను.

“మీరున్నన్నేళ్లు.”

ఆటోలో ఇంటికి బయలుదేరాం. కృష్ణానగర్ దగ్గర మా ఆయన, “నేను కాయ ముందే కొట్టేశాను కదే” అన్నారు. నాకు ఒళ్లు మండింది. “కణాలకు మన సెంటిమెంట్లు తెలుసా? ఊరుకోండి” అన్నాను. కానీ భయం నాకూ వేసింది.

రేడియేషన్ మధ్యలో మెదడు వాచి, తిరిగి వచ్చిన మాటలు మళ్లీ పోయాయి. స్టెరాయిడ్లు పెంచారు. పాలకు నీళ్లని, తలుపుకు కిటికీ అని అనేదాన్ని. యాదగిరి చూడ్డానికి వచ్చి, “ఏం ఫికర్ జెయ్యకు అక్కా, మెల్లగ రా. నీ మైకు గాడనే ఉంటది” అన్నాడు. ఏడుపొచ్చింది.

ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను. హీరోయిన్ల పక్కన గలగలా మాట్లాడే పాత్రలు మానేశాను. తల్లులకు, అత్తలకు చెబుతాను, వాళ్లు నెమ్మదిగా మాట్లాడతారు. ‘గొడుగు’ దగ్గర ఇప్పటికీ ఒకసారి తడుముకుంటాను.

గడ్డ తీయించుకున్న వాళ్లకు నేను చెప్పేది ఒకటే. రిపోర్టు చేతికొచ్చిందని ఊరుకోకండి. స్లైడ్లు, బ్లాక్ ఎక్కడున్నాయో కనుక్కోండి, పారేయనివ్వకండి. అనుమానముంటే ఇంకొకరు చూడాల్సింది వాటినే. నా బ్లాక్ దొరకబట్టే నా గడ్డ అసలు పేరు తెలిసింది.

మొన్న స్కాన్ బాగానే వచ్చింది. మా ఆయన మార్కెట్ నుంచి బూడిద గుమ్మడికాయ పట్టుకొచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. “ఈసారి కొట్టనా?” అన్నారు.

“ఇటివ్వండి, వడియాలు పెడతాను” అన్నాను. “నాకింకా షాట్లున్నాయి.”